మీరు ఎవరివారు?

ఈ దినము మన ధ్యానము కొరకు అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయము 19 నుండి 26 వరకు, మార్కు సువార్త 8వ అధ్యాయము 27 నుండి 38 వరకు ఉన్న వచనములను తీసుకుంటున్నాను. బైబిలు దగ్గర ఉన్నవారు ఆ రెండు చోట్లా ఒక కాగితం ముక్క పెట్టుకోండి.

మన పల్లెల్లోకి కొత్త మనిషి వస్తే ముందుగా పేరు అడగరు. "ఎవరి తాలూకు బాబూ?" అంటారు. "ఎవరింటికొచ్చావు? ఎవరి అబ్బాయివి?" అంటారు. రచ్చబండ మీద కూర్చున్న పెద్దాయనకు మీ పేరుతో పెద్దగా పని లేదు. మీరు ఎవరివారో తెలిస్తే చాలు, కూర్చోమనాలో పొమ్మనాలో ఆయనకు అర్థమైపోతుంది. మనిషి ఎవడు అన్నదానికన్నా మనిషి ఎవరివాడు అన్నది మన దేశంలో ముందు వచ్చే ప్రశ్న. బైబిలు కాలంలో కూడా అంతే.

ఆ ప్రశ్నకు జవాబుగానే మనకు 'క్రైస్తవులు' అనే పేరు వచ్చింది. స్తెఫను మరణం తరువాత హింస వలన చెదరిపోయిన విశ్వాసులు అంతియొకయ దాకా వెళ్లారు. ఆ కాలంలో రోమా సామ్రాజ్యంలో రోము, అలెక్సంద్రియ తరువాత అంత పెద్ద పట్టణం అది. ఇప్పుడు టర్కీ దేశంలో అంతక్యా అని పిలుస్తారు; 2023 ఫిబ్రవరిలో వచ్చిన భూకంపంలో ఘోరంగా దెబ్బతిన్నది కూడా అదే పట్టణం. అక్కడ కుప్రీయులు, కురేనీయులు కొందరు యూదులకే కాక గ్రీకువారికి కూడా ప్రభువైన యేసును ప్రకటించారు. బర్నబా వచ్చి చూసి సంతోషించి, తార్సుకు వెళ్లి సౌలును వెదకి తీసుకొచ్చాడు. ఇద్దరూ ఒక సంవత్సరమంతా వాక్యం బోధించారు. శిష్యులకు మొట్టమొదట క్రైస్తవులు అనే పేరు ఆ ఊరిలోనే కలిగిందని లూకా వ్రాశాడు.

ఎవరు పెట్టారు ఆ పేరు? విశ్వాసులు తమకు తామే పెట్టుకున్నట్టు లేదు. వారు ఒకరినొకరు సహోదరులని, శిష్యులని, పరిశుద్ధులని పిలుచుకునేవారు. 'క్రైస్తవుడు' అనే మాట కొత్త నిబంధన అంతటిలో మూడు చోట్ల మాత్రమే ఉంది. ఒకటి ఇక్కడ. రెండవది అగ్రిప్ప రాజు నోట, అపొస్తలుల కార్యములు 26వ అధ్యాయంలో. మూడవది పేతురు మొదటి పత్రిక 4వ అధ్యాయంలో, ఆ పేరు కోసం బాధపడేవారిని గూర్చి. పై నుండి చూసే ఊరివారు పెట్టిన పేరు అది అని చాలామంది పండితుల అభిప్రాయం.

గ్రీకులో ఆ మాట 'క్రిస్తియానోస్'. దాని చివర ఉన్న 'యానోస్' లాటిను నుండి వచ్చిన తోక. ఫలానావాని పక్షమువారు, ఫలానావాని ఇంటివారు అని దాని అర్థం. హేరోదు మనుషులను హేరోదీయులు అన్నట్టు, కైసరు ఇంటి సేవకులను కైసరు పేరుతో పిలిచినట్టు, వీరిని క్రీస్తు పేరుతో పిలిచారు. మన భాషలో చెప్పాలంటే "దొరగారి మనుషులు" అన్నట్టు "క్రీస్తుగారి మనుషులు" అన్నమాట. ఎగతాళిగా అన్నారో, గుర్తు కోసం అన్నారో గాని, ఆ ఊరివారు సత్యమే పలికారు. మన పేరులోనే మనం ఎవరివారమో ఉంది.

ఇప్పుడు ఈ పేరు మన స్కూలు రిజిస్టర్లలో ఉంది. పెళ్లి కార్డుల మీద, గుమ్మాల మీద కూడా ఉంది. పేరు ఇంత సులువుగా దొరికే కాలంలో ఉన్నాం కాబట్టి ఒక మాట నిదానంగా ఆలోచించాలి. క్రీస్తుకు చెందియుండుట అంటే ఏమిటి? ఆయనను వెంబడించుట అంటే ఏమిటి? ఈ రెండింటిలో ఏది ముందు?

చాలామంది విశ్వాసుల మనసులో ఉన్న వరుస ఇది: నేను బాగా వెంబడిస్తే ఆయన నన్ను తనవానిగా చేసుకుంటాడు. ఉపవాసాలు, మందిరానికి క్రమం తప్పని హాజరు, దశమభాగం, ఇవన్నీ సరిగ్గా ఉన్న నెలలో మేము ఆయన బిడ్డలం. తప్పిపోయిన నెలలో కాము. ఈ వరుసను లేఖనం తలక్రిందులు చేస్తుంది. నిర్గమకాండము 20వ అధ్యాయం తెరిచి చూడండి. పది ఆజ్ఞలలో మొదటిది చెప్పక మునుపే దేవుడు ఇశ్రాయేలుతో, దాసుల గృహమైన ఐగుప్తు నుండి మిమ్మును రప్పించిన మీ దేవుడను నేనే అని గుర్తుచేశాడు. ముందు విడిపించాడు, తరువాత ఆజ్ఞ ఇచ్చాడు. ఆజ్ఞలు గైకొంటే ఐగుప్తు నుండి విడిపిస్తానని ఆయన అనలేదు.

పౌలు కొరింథీయులకు వ్రాసింది కూడా ఈ వరుసలోనే. కొరింథు మామూలు ఊరు కాదు. రెండు రేవులున్న వ్యాపార పట్టణం. డబ్బు, వ్యభిచారం, బానిసల కొనుగోలు అమ్మకాలు అన్నీ ఉన్న ఊరు. అక్కడి విశ్వాసులలో కొందరు శరీరము మాది, మా ఇష్టం అనుకున్నారు. మొదటి పత్రిక 6వ అధ్యాయం చివర పౌలు వారితో, మీరు మీ సొత్తు కారు, విలువ ఇచ్చి కొనబడినవారు అనే భావంతో మాట్లాడాడు. అక్కడ ఆయన వాడిన గ్రీకు క్రియ 'అగోర' అనే మాట నుండి వచ్చింది. అగోర అంటే సంత, అంగడి వీధి. ఆ పత్రిక చదవగా విన్నవారిలో అలాంటి అంగడిలో నిలబడి అమ్ముడుపోయిన దాసులు కూడా ఉండేవుంటారు. తమకు ఒక వెల కట్టబడటం అంటే ఏమిటో వారికి ఎవరూ వివరించనక్కరలేదు. అయితే ఈ కొనుగోలులో వెల వెండి కాదు, కొన్నవాని రక్తమే.

దీనిని మనకు బాగా తెలిసిన ఒక సంగతితో చెబుతాను. ఒకాయన అర ఎకరం పొలం కొన్నాడు. సొమ్ము మొత్తం చెల్లించాడు. రిజిస్ట్రారు ఆఫీసులో క్రయ దస్తావేజు అయింది. పొలం ఎవరిది? సందేహం లేదు, కొన్నవాడిది. కాని పొలం దగ్గరకు వెళ్లి చూస్తే పాత మనిషి ఇంకా అక్కడే ఉన్నాడు. ఆయన గేదెలు అక్కడే మేస్తున్నాయి, ఆయన కంచె అలాగే ఉంది. అడిగితే "రేపు ఖాళీ చేస్తా" అంటాడు. కాగితం ఒకరి పేరున, అనుభవం మరొకరిది. ఇది మన జిల్లాలలో ఎన్ని కుటుంబాలను కోర్టుల చుట్టూ తిప్పిందో మీకు తెలుసు.

క్రీస్తుకు చెందియుండుట దస్తావేజు. ఆయనను వెంబడించుట స్వాధీనం. దస్తావేజు సిలువ దగ్గర పూర్తయింది. దానిలో మన సంతకం వలన కలిసిన విలువేమీ లేదు. కాని స్వాధీనం మాత్రం ప్రతిదినం జరగవలసిన పని. ఈ గట్టు దాకా ఇచ్చాను, బావి దగ్గర మాత్రం నాది అంటే కుదరదు. కొందరు ఆదివారం ఇచ్చి సోమవారం అట్టిపెట్టుకుంటారు. కొందరు నాలుక ఇచ్చి జేబు ఇవ్వరు. మరి కొందరు జేబు కూడా ఇస్తారు, పగ మాత్రం ఇవ్వరు. పోలిక ఇంతవరకే పనికొస్తుంది సుమా. పొలానికి యజమాని మీద ప్రేమ ఉండదు, మనకు ఉండాలి.

ఇక్కడ మన తెలుగు బైబిలు వాడిన 'వెంబడించు' అనే మాట గురించి ఒక్క నిమిషం. మందిరం బయట ఈ మాటను ఎక్కడ చదువుతాం? "దొంగను పోలీసులు వెంబడించారు" అని పేపర్లో. అక్కడ వెంబడించేవాడు పట్టుకోవడానికి పరుగెత్తుతాడు. దొరికితే పని అయిపోయింది. చాలామంది దేవుణ్ణి అలాగే వెంబడిస్తారు. ఉద్యోగం దొరికేదాకా, వీసా వచ్చేదాకా, బిడ్డ పుట్టేదాకా ఉపవాస కూటాలలో ముందు వరుసలో ఉంటారు. దొరికాక కనబడరు. యేసును నమ్ముకుంటే అప్పులు తీరుతాయి, ఇల్లు కట్టుకుంటారు అని మైకుల్లో చెప్పే మేము కూడా దీనికి కొంత కారణం అని ఒప్పుకోవాలి, పాస్టర్లందరం. కాని పౌలు ఫిలిప్పీ పత్రిక 3వ అధ్యాయంలో చెప్పింది వినండి. క్రీస్తు తనను ముందే పట్టుకున్నాడు గనుక, దేని నిమిత్తం పట్టబడ్డాడో దానిని పట్టుకోవాలని తాను పరుగెత్తుతున్నానన్నాడు. దొరకనివాణ్ణి పట్టుకోవడానికి కాదు మనం పరుగెత్తేది. దొరికిపోయినవారం గనుక పరుగెత్తుతున్నాం.

ఇప్పుడు మార్కు 8వ అధ్యాయం దగ్గరకు రండి. ఫిలిప్పుదైన కైసరయ దారిలో ప్రభువు శిష్యులను అడిగాడు, తన్ను గూర్చి జనులు ఏమనుకుంటున్నారని. వారు విన్నవి చెప్పారు. మీరేమంటారని అడిగితే పేతురు, నీవు క్రీస్తువు అన్నాడు. పరీక్షలో నూటికి నూరు మార్కులు. ఆ వెంటనే ప్రభువు తాను పొందబోయే శ్రమలను, తిరస్కారమును, మరణమును, పునరుత్థానమును చెప్పడం మొదలుపెట్టాడు. పేతురు ఆయన చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లి గద్దించాడు. శిష్యుడు గురువుకు దారి చూపించబోయాడు! అప్పుడు ప్రభువు శిష్యులవైపు తిరిగి, పేతురును సాతానా అని పిలిచి, తన వెనుకకు వెళ్లమన్నాడు.

ఈ మాటను మనం ఛీకొట్టి తరిమేసినట్టు చదువుతాం. గ్రీకులో చూస్తే ఒక విశేషం ఉంది. 'నా వెనుకకు' అన్న చోట 'ఒపీసో మూ' అని ఉంది. మార్కు 1వ అధ్యాయంలో గలిలయ సముద్రం ఒడ్డున వల వేస్తున్న సీమోనును మొదటిసారి పిలిచినప్పుడు వాడిన మాటలు అవే: నా వెనుక. 8వ అధ్యాయంలో ఈ గద్దింపు తరువాతి వచనంలోనే, జనసమూహమును పిలిచి నన్ను వెంబడింప గోరువాడు అని చెప్పినప్పుడు కూడా అవే మాటలు. అంటే ప్రభువు పేతురును కోపంతో గద్దించాడు, నిజమే. కాని గద్దించి పంపిన చోటు ఏది? శిష్యుడు ఉండవలసిన చోటే. నీవు నా ముందుకు వచ్చావు, నీ చోటు నా వెనుక, అక్కడికి పో అన్నట్టు. తనవాడు దారి తప్పితే ప్రభువు చేసేది ఇదే. పేతురును ఆయన వదిలిపెట్టలేదు. ఆరు దినాల తరువాత రూపాంతర కొండ మీదికి తీసుకెళ్లిన ముగ్గురిలో పేతురు ఉన్నాడు, 9వ అధ్యాయం చూడండి.

కాబట్టి వెంబడించుట అంటే ముందుగా ఒక చోటు. ఆయన వెనుక. మన ప్రార్థనలు ఒకసారి పరిశీలించుకోండి. ప్రభువా ఈ సంబంధం ఖాయం చేసుకున్నాం దీవించు, ఈ ప్లాటుకు బయానా ఇచ్చేశాం నడిపించు. బయానా ఇచ్చాక నడిపించేది ఏముంది? ముందు మనం నడిచి, వెనుక ఆయనను రమ్మనడమే కదా అది.

ఆ తరువాత ప్రభువు సిలువను గూర్చి చెప్పాడు. మన ఇళ్లలో సిలువ అనే మాటను చాలా తేలికగా వాడుతున్నాం. మోకాళ్ల నొప్పి నా సిలువ అంటారు ఒకరు. మా అత్తగారే నా సిలువ అంటారు ఇంకొకరు (అత్తగారిని అడిగితే లెక్క వేరేగా ఉంటుంది). జబ్బులు, కలహాలు మనం కోరుకోకుండా వచ్చేవి, విశ్వాసికీ అవిశ్వాసికీ వచ్చేవి. రోమా కాలంలో సిలువ మోయడం అంటే అందరికీ ఒకటే అర్థం. మరణశిక్ష పడినవాడు అడ్డదూలమును మోసుకుంటూ ఊరు చూస్తుండగా వధస్థలానికి నడవడం. ఇక వెనక్కి వచ్చేది లేదు. తనది అనుకున్నది ఏదీ చేతిలో ఉండదు. నా సిలువ అంటే క్రీస్తును వెంబడించినందువలన మాత్రమే నా మీదికి వచ్చేది, వెంబడించడం మానేస్తే తప్పించుకోగలిగేది. లూకా 9వ అధ్యాయంలో దానికి 'ప్రతిదినము' అనే మాట తోడైంది.

ఆ మాట ఖరీదు తెలిసినవారు మన తెలుగు నేల మీద ఉన్నారు. ఒంగోలు ప్రాంతంలో 1866లో బాప్తిస్మం పొందిన యెర్రగుంట్ల పేరయ్యగారి పేరు బాప్టిస్టు సంఘాలవారికి పరిచయమే. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. ఆయన సాక్ష్యం వలన ఆయన బంధువర్గంలో, చుట్టుపక్కల పల్లెలలో సువార్త అల్లుకుపోయింది. ఆ కాలపు మిషనరీ జాన్ క్లౌ దొరగారి పరిచర్యలో కొత్త విశ్వాసులకు మూడు నియమాలు నేర్పేవారు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు, విగ్రహాలకు మ్రొక్కకూడదు. వినడానికి చిన్న నియమాలు. ఊరి లెక్కలో చిన్నవి కావు. ఆదివారం రానన్న పాలేరు రైతుకు ఎదురు తిరిగినవాడే. జాతరలో డప్పు కొట్టనన్న మాదిగ ఊరి కట్టడిని కాదన్నవాడే. తరతరాలుగా నువ్వు మావాడివి, మేము చెప్పినట్టు చేయాలి అన్న ఊరితో ఆ మనుషులు, మేము ఇప్పుడు వేరొకరివారం అన్నారు. దానికి జవాబుగా కొన్నిచోట్ల బావులు మూసుకున్నాయి, దారులు మూసుకున్నాయి, పనులు పోయాయి. చదువు రాని ఆ విశ్వాసులకు 'యానోస్' అనే గ్రీకు తోక తెలియదు. దాని అర్థం మాత్రం మనకన్నా బాగా తెలుసు.

తరువాత 1876-78 నాటి గొప్ప కరువు వచ్చింది. క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. బాప్తిస్మం ఇమ్మని జనం అడిగారు. ఆయన ఇవ్వలేదు. కరువు సహాయం చేతిలో ఉన్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశారు, కూడు కోసం పేరు మార్చుకున్నారన్న మాట రాకూడదని. సహాయం ఆగిపోయి, కూలి అయిపోయిన తరువాత కూడా జనం వచ్చారు. ఇక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పినా వెళ్లలేదు. అప్పుడు 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ అంకెను మనం గర్వంగా చెప్పుకుంటాం. నాకు మాత్రం ఆ అంకెకన్నా దానికి ముందు ఆపిన ఆ నెలలు పెద్దవిగా కనబడతాయి. దేనికోసం వస్తున్నారు అని కాక, ఎవరికోసం వస్తున్నారు అని తేల్చుకోవడానికి ఒక సేవకుడు ఓపిక పట్టిన నెలలు అవి.

ఇలాంటి పరీక్ష ఇంకా పాతకాలంలో కూడా ఉంది. దాదాపు క్రీ.శ. 112లో బితూనియ, పొంతు ప్రాంతాల గవర్నరు ప్లినీ, చక్రవర్తి ట్రాజన్‌కు ఒక ఉత్తరం వ్రాశాడు. పేతురు మొదటి పత్రిక ఏ ప్రాంతాలవారికి వ్రాయబడిందో వాటిలో ఆ రెండూ ఉన్నాయి. క్రైస్తవుడవా అని శిక్ష భయం చూపిస్తూ ఒకటికి మూడుసార్లు అడిగేవాడినని, కాదన్నవారిచేత చక్రవర్తి ప్రతిమ ముందు ధూపము, ద్రాక్షారసము అర్పింపజేసి క్రీస్తును దూషింపజేసేవాడినని, నిజమైన క్రైస్తవులచేత ఈ పనులు చేయించడం ఎవరి వలనా కాదని విన్నానని ప్లినీ వ్రాశాడు. ఆ ఉత్తరంలోనే, సంఘంలో పరిచారకులుగా పిలువబడే ఇద్దరు దాసీలను హింసించి విచారించానని కూడా వ్రాశాడు. వారి పేర్లు వ్రాయలేదు. చట్టం ప్రకారం వారి శరీరాలు వేరొక యజమానివి. సంఘంలో మాత్రం వారు క్రీస్తువారు, ఆయన పరిచారకులు. ప్రభువునందు పిలువబడిన దాసుడు ప్రభువువలన స్వాతంత్ర్యము పొందినవాడని పౌలు కొరింథీయులకు చెప్పింది ఆ ఇద్దరు స్త్రీలలో చూడవచ్చు.

ప్రియులారా, ఇప్పుడు మన దగ్గరకు వద్దాం. మిమ్మల్ని ఎవరైనా "మీరు ఎవరివారు?" అని అడిగితే మన నోట మొదట ఏం వస్తుంది? మేము లూథరన్లం, మేము సి.ఎస్.ఐ. వాళ్లం, మేము పెంతెకొస్తు. లేదా మేము ఫలానా అయ్యగారి సంఘం. కొరింథులో కూడా నేను పౌలువాడను, నేను అపొల్లోవాడను అన్నారు. పౌలు ఆ మాటకు సంతోషించలేదు, తన పేరు వాడుకున్నందుకు బాధపడ్డాడు. పౌలు మీకొరకు సిలువ వేయబడెనా అనే అర్థంలో అడిగాడు. నేడు ఆ ప్రశ్న అడిగే పాస్టరుకు ఫ్లెక్సీలు తక్కువ కట్టవలసి వస్తుంది.

ఇంకా లోపల ఇంకొక జవాబు ఉంది. దానిని మనం పైకి అనం. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు బయటపడుతుంది. అబ్బాయి మారుమనస్సు పొందినవాడా, ప్రార్థన చేస్తాడా అనే ప్రశ్నలు తరువాత. ముందు "వాళ్లు ఏమిట్లు?" అని అడుగుతాం. ప్రభురాత్రి భోజనంలో ఒకే రొట్టె తుంచుకుంటాం, ఒకే ద్రాక్షారసం పంచుకుంటాం. ఇంటికి వెళ్లి సంబంధాల పుస్తకంలో ఒకరి పేరు ఒకరు కొట్టేస్తాం. మాల సంఘమని, మాదిగ సంఘమని, రెడ్డి క్రైస్తవులని, సమాధుల దగ్గర కూడా విడివిడిగా ఉన్న చోట్లు మీకు తెలుసు, నాకు తెలుసు. ఇది పెద్దల కాలం నుండి ఉన్నదే కదా అనవచ్చు. పాత కౌలుదారుడు అన్నమాట కూడా అదే: నేను ఎప్పటినుండో ఇక్కడే ఉన్నాను. దస్తావేజు మారింది. ఖాళీ చేయవలసినది అతడే. ఈ విషయంలో నేను మెత్తగా చెప్పలేను. పేరయ్యగారి కాలపు విశ్వాసులు బావి పోయినా వదలనిదానిని, మనం ఒక సంబంధం కోసం వదిలేస్తున్నాం.

అయితే ఈ మాటలు చదువుతున్న వారిలో వేరొక రకంగా బాధపడేవారు కూడా ఉన్నారు. వారిని విడిచిపెట్టి ముగించలేను. మా సంఘంలో ఒక తల్లి ఉండేవారు. నలభై ఏళ్లు ప్రార్థనలో ఉన్న మనిషి. చివరి రోజుల్లో మతిమరుపు వచ్చింది. వచనాలు గుర్తు రావడం లేదు, ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయేవారు. కొంచెం తెలివి ఉన్న పూట నన్ను చూసి ఏడ్చారు. "అయ్యగారూ, నేనే ఆయన్ను మరచిపోతున్నాను. నన్ను వదిలేస్తాడా?" అన్నారు. ఆ తల్లికి నేను యోహాను 10వ అధ్యాయం చదివాను. మంచి కాపరి తన గొఱ్ఱెలను పేరు పెట్టి పిలుస్తాడు, వాటికి ముందుగా నడుస్తాడు, తన చేతిలోనుండి, తన తండ్రి చేతిలోనుండి వాటిని ఎవడును అపహరింపలేడు. అమ్మా, పట్టుకున్న చెయ్యి నీది కాదు, ఆయనది అన్నాను. ఆమెకు ఎంత అర్థమైందో నేను చెప్పలేను. చెందియుండుట ముందు, వెంబడించుట తరువాత అని నేను ఇంతసేపు చెప్పింది ఎందుకంటే, ఆ వరుస తిరగబడితే అలాంటి మంచం దగ్గర పాస్టరుకు చెప్పడానికి మాట ఉండదు.

పడిపోయినవారికి కూడా ఈ వరుసే దిక్కు. యోహాను సువార్త 21వ అధ్యాయం. తిబెరియ సముద్రం ఒడ్డు. తెల్లవారింది. రాత్రంతా వల వేసినా ఏమీ దొరకని శిష్యులు. ఒడ్డున నిప్పులు, చేపలు, రొట్టె. నిప్పులు చూడగానే పేతురుకు మరొక మంట గుర్తొచ్చి ఉంటుంది, ప్రధాన యాజకుని ముంగిట్లో చలి కాచుకుంటూ తాను మూడుసార్లు కాదన్న మంట. ఆ రాత్రి అడిగిన ప్రశ్న కూడా ఇదే కదా: నువ్వు ఆయన మనుషులలో ఒకడివి కావా? కాను అన్నాడు. నేను ఎవరివాడను అనే ప్రశ్నకు పేతురు ఇచ్చిన జవాబు అది. ప్రభువు ఒడ్డున దానిని పట్టించుకోకుండా వదిలేయలేదు. మూడుసార్లు ప్రేమిస్తున్నావా అని అడిగాడు, పేతురు నొచ్చుకునేదాకా అడిగాడు. కాని అడిగిన ప్రతిసారి తన గొఱ్ఱెలను అప్పగించాడు. నా గొఱ్ఱెలు అన్నాడు, నీ గొఱ్ఱెలు అనలేదు. సంఘకాపరులం ఆ మాట దగ్గర కాసేపు ఆగాలి. చివరికి మొదటి రోజు పిలిచినట్టే మళ్లీ పిలిచాడు, నన్ను వెంబడించుమని. పేతురు ఆయనను కాదన్నాడు గాని, ఆయన పేతురును కాదనలేదు.

అప్పటికీ పేతురు పేతురే. వెనక్కి తిరిగి యోహానును చూసి, ప్రభువా ఇతని సంగతి ఏమిటి అని అడిగాడు. మనకు ఎంత దగ్గరి ప్రశ్న! వాళ్ల పిల్లలు అమెరికా వెళ్లారు, మా పిల్లలు వెళ్లలేదు. వాళ్ల సంఘం పెద్దదయింది, మాది అలాగే ఉంది. ఆయన కాన్సరు నయమైంది, మా నాన్నది కాలేదు. నాగలి మేడి పట్టుకున్నవాడు పక్క చేను వైపు చూస్తే సాలు వంకరపోతుంది. ఆ సంగతి రైతులు మనకన్నా బాగా చెబుతారు. ప్రభువు యోహానును గూర్చి పేతురుకు ఏ వివరమూ ఇవ్వలేదు. అది నీకేమి అన్నట్టుగా చెప్పి, తన్ను వెంబడించమని రెండవసారి అన్నాడు.

తలలు వంచి ప్రార్థన చేసుకుందాం. ప్రభువా, ఈ మాటలు చదువుచున్న ఇంటిలో నిన్ను కాదన్నవాడు ఎవడైన ఉంటే, ఆ తెల్లవారిన ఒడ్డున పేతురును పిలిచినట్టు అతనిని పిలువుము. పెండ్లి కుదుర్చుకొనుచున్న తల్లిదండ్రులతో ఈ వారమే మాటలాడుము. నిన్ను గుర్తుపట్టలేని వృద్ధుల మంచముల యొద్ద నీవు కూర్చుండుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.